గాలిమోటర్ దిగిన జాగ

జూన్ 4

గున్నమ్మా,

నీ నోటుబుక్కులో పదకొండు పేజీలే నిండాయి. తారీఖు, ఉరికిన నిమిషాలు, సెకన్లు. ఆఖరి దాంట్లో ఐదు నిమిషాల రెండు సెకన్లు అని రాసి కింద రెండు గీతలు కొట్టావు. ఆ తరువాత అంతా తెల్లకాగితం. ఆ తెలుపు చూడలేక రాస్తున్నాను. ఐదో తరగతి దాకా చదివిన చేయి. అక్షరాలు వంకర పోతే నవ్వుకో, ఎవ్వరికీ చూపించకు.

నువ్వు పోయి పదహారు రోజులు.

జూన్ 5

పొద్దున నాలుగున్నరకు లేచి నీ సీసాలో నీళ్ళు నింపాను. మూత పెట్టిన తరువాత గుర్తుకొచ్చింది. పారబోయడానికి మనసొప్పలేదు. బాపు చూసి, తీసుకుని తాగేశాడు.

జూన్ 7

మూడోనాటి సంగతి ఇక్కడ రాసిపెట్టాలి. రేపు నాకే అనుమానం వస్తే చూసుకోవడానికి.

వాగు ఒడ్డున నిన్ను బూడిద చేసిన చోట విస్తరాకు వేశాం. అన్నం, గుడ్ల పులుసు, మామిడికాయ తొక్కు, నువ్వు డబ్బాలో చేయి పెట్టి తినే కారం బూందీ. అందరం దూరం జరిగి నిలబడ్డాం. కాకి వచ్చి తుమ్మచెట్టు మీద కూర్చుంది, దిగలేదు. పిట్ట ముట్టలేదంటే పోయినవాళ్ళకు కోరిక మిగిలినట్టే కదా. ఒక్కొక్కరు ఒక్కో మాట ఇచ్చి చూశారు. మీ మేనమామ పట్టుచీర పెడతానన్నాడు. బాపు "పెద్ద ఫోన్ కొనిస్త బిడ్డా" అన్నాడు, ఆ మాటకు ఆడవాళ్ళంతా ఏడ్చారు. కాకి అటు తిరిగి కూర్చుంది.

"నువ్వడుగు భూదవ్వా, తల్లివి," అన్నారు.

 ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, అన్నం మీద ఎండ పడింది. ఆఖరికి "నువ్వు ఉరికే జాగను పోనియ్య బిడ్డా" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ జాగ ఆసామి సాకేత్ రావు సారు కూడా పరామర్శకు వచ్చి అక్కడే నిలబడి ఉన్నాడు, విన్నాడు.

కాకి దిగింది. ముందు బూందీ తిన్నది, తరువాత అన్నం.

కాబట్టి మాట ఇచ్చాను. ఒకప్పుడు విమానం దిగిన ఆ గాలిమోటర్ జాగ సగం ఇప్పటికే తవ్వేశారు. మిగిలిన సగమైనా ప్లాట్లు కాకుండా ఆపాలి. నాకు ఇంకో పని లేదు.

జూన్ 8

సుస్మిత గడప దాటడం లేదట. మంచిదే. దాని ముఖం చూడలేను. మూడేళ్ళు నీ పక్కనే ఉరికింది, ఆ పొద్దు కూడా నీ పక్కనే ఉరికింది. పాల వ్యాను నీకు తగిలింది, దానికి తగలలేదు.

రోడ్డు మీదికి నిన్ను తీసుకుపోయింది అదే.

జూన్ 12

పంచాయతీ గోడకు కాగితం అంటించారు. గాలిమోటర్ జాగలో వేసే ప్లాట్ల మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే జూలై 24 నాడు ఆఫీసర్ ముందు చెప్పుకోవచ్చట. మీతో ఉరికే వర్షిత వచ్చి చదివి చెప్పింది. "ఎన్నేండ్ల సంది ఎవలు దేనికి వాడుకున్నరో చెప్పాలె అత్తమ్మా, కత మొత్తం కావాలె" అన్నది. కథ మొత్తం తెలిసినవాడు తాత ఒక్కడే. ఆయనకు సంవత్సరాలు తెలియవు, కరువులూ పెళ్ళిళ్ళూ తెలుసు. మంచం పక్కన కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను.

"దోమపోటు అచ్చిన ఏడాది. వరంత మాడిపోయింది. జగన్మోహన్ రావు దొర పట్నం పోయి మాట్లాడి అచ్చిండు. మందు పైకెళ్ళి గాలిమోటరు కొడతదట, అది దిగనీకె జాగ కావాలన్నడు. మొరం మేమే పోసినం. బండరాతి రోలరుకు నాలుగెడ్లను గట్టి గుంజినం. పడమటి కొసకు మన తాటిచెట్లుండె, ఇరవై రెండు. గాలిమోటరు కడుపుకు తాకుతయన్నరు. నేను కల్లు గీసిన తాళ్ళు, నా చేతులతోనే కొట్టిన."

"నువ్వెందుకు కొట్టినవు మామా?"

"నేను కొట్టకపోతె ఇంకోడు కొడుతుండె. తాళ్ళు పోయినంక కల్లెక్కడిది, దొర నన్ను గా జాగకు కావలి వెట్టిండు."

గాలిమోటరు వచ్చే ముందు జగిత్యాల నుంచి సైకిల్ మీద మనిషి వచ్చేవాడట. తాత గొడ్లను తోలి, తడిగడ్డి కాల్చి పొగ పెట్టాలి. పొగ ఎటు వంగితే గాలి అటు ఉన్నట్టు పైవాడికి తెలుస్తుంది. మొదటిసారి దిగినప్పుడు రాయికల్ అంగడికి పోయేవాళ్ళంతా అంగడి మరిచి ఇక్కడే కూర్చున్నారట. మా అత్త శంకరవ్వ మంగళహారతి పట్టుకుని పోయిందట.

"డ్రైవరు పరేషానైండు. లోపట నూనె ఉన్నది, మంట తేకుమని మొత్తుకున్నడు. గామె ఇంటదా? పోయి దాని ముక్కుకు బొట్టు వెట్టింది, కాయ గొట్టింది. గప్పటిసంది అది దిగిన పొద్దల్ల బొట్టు మనింటిదే."

"నువ్వెక్కినవా మామా?"

"ఎక్కుమన్నడు దొర. నేను తాడెక్కెటోన్ని, గాడికెళ్ళి ఊరంత సూసినోన్ని, నాకు గిదేం ఎత్తన్న." మళ్ళీ తనే, "భయమైంది," అన్నాడు.

మూడు పంటలకు వచ్చిందట. నాలుగోసారి మందు కొట్టడానికి కాదు, దొర చెల్లెలు తార పెళ్ళికి. పెళ్ళికొడుకు దాంట్లోనే వచ్చి దిగీ దిగంగానే కక్కుకున్నాడట. అది చెప్పి తాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నువ్వు పోయినాక ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. నాకు కోపం వచ్చింది, ఆ తరువాత నేనూ నవ్వాను. ఆ తరువాత మళ్ళీ కోపం వచ్చింది.

ఇక్కడి నుంచి నాకే తెలుసు. నేను కోడలిగా వచ్చేసరికి గాలిమోటర్లు లేవు, పసుపు ఉండేది. ఊళ్ళో ఉడకబెట్టిన పసుపంతా, తరువాత మొరం మీద వేసిన ఆ డాంబర్ మీదనే ఆరబోసేవాళ్ళం. మాఘం పోయి ఎండలు ముదిరితే ఈ కొస నుంచి ఆ కొస దాకా పచ్చటి చాప పరిచినట్టు ఉండేది. నువ్వు నడవడం నేర్చుకున్నది దాని మీదనే. నా కొంగు నీడన పడుకునేదానివి, లేపితే ఒక చెంప పసుపు, ఒక చెంప తెలుపు. కొమ్ములు ఎవరివి ఎక్కడిదాకా అని తగాదాలయ్యేవి, తాత కట్టె పట్టుకుని గీత గీసేవాడు. గాలిమోటర్లు పోయినా కావలి పోలేదు ఆయనది.

ఆ తరువాత ఆడవాళ్ళు స్కూటీ నేర్చుకున్నారు. ఆ తరువాత మీరు. ఈ కొస నుంచి ఆ కొసకు ఎనిమిది వందల మీటర్లు. పోలీసు సెలక్షన్లో ఆడపిల్లలు ఉరకవలసింది కూడా అంతేనట. "మాకోసమే కట్టిన్రమ్మా, మేం పుట్టకముందే" అన్నావు ఒకసారి, కాళ్ళకు బామ్ రాసుకుంటూ.

ఆ వాసన నీ దుప్పట్లో ఇంకా ఉన్నది. దుప్పటి ఉతకలేదు.

జూన్ 13

తాత తాళ్ళు కొట్టిన సంగతి రాయకుండా ఉండవలసింది.

జూన్ 20

జాగ దగ్గరికి పోయాను. గేటుకు కొత్త బోర్డు, దాని మీద గాలిమోటరు బొమ్మ. రన్‌వే ఎన్‌క్లేవ్ అని పేరట. తూర్పు సగంలో మోరీలు తవ్వి పైపులు దింపారు. పడమటి సగం డాంబర్ ఉన్నట్టే ఉన్నది. మీరు సున్నంతో గీసుకున్న గీత కూడా ఉన్నది, వానకు సగం పోయింది.

సాకేత్ రావు సారు కారు దిగి వచ్చాడు. వాళ్ళ తాత జగన్మోహన్ రావు దొర లాగా ఎత్తు మనిషి, మాట మెత్తన. దొరది కూడా మంచి మాటే ఉండేది అంటారు.

"భూదేవమ్మా, ఎండల నిలబడ్డవేంది, లోపటికి రా."

"వద్దు సారు. మీరు నా మాట విన్నరు కదా ఆనాడు."

"విన్న. ఎట్ల మర్చిపోత." తల దించుకున్నాడు. "పార్కు ఇస్తున్నం కదా. రూల్ ప్రకారం ఇడవాల్సిందంత ఇడిసినం, ఉత్తరం మూలకు. కావాలంటె మీ బిడ్డ నవ్య పేరు వెట్టుకుందం."

"అది వాననీళ్ళు కోసిన ఒర్రె సారు. అండ్ల మేకలు గూడ దిగయి. పిల్లలు ఉరుకుతె కాలు ఇరుగుతది. గీ డాంబర్ ముక్క ఇడువుండ్రి, చాలు."

"గది మెయిన్ రోడ్డు వడ్డదమ్మా, ప్లానుల. రెండు దిక్కుల ప్లాట్లు అయిపోయినయి." తరువాత అడిగాడు, "శంకరవ్వ గాలిమోటరుకు బొట్టు వెడుతున్న ఫోటో మీ ఇంట్ల ఉండాలె. బ్రోచర్ల వేద్దమనుకున్న."

లేదన్నాను. ఉన్నది. సందూకు పెట్టె అడుగున ఉన్నది.

జూన్ 21

నువ్వు ఆ పొద్దు జొన్నరొట్టె తిని పోయావు. రెండు. ఎవరైనా అడిగితే అదే చెబుతున్నాను.

జూలై 1

ఏప్రిల్ 30 గురించి రాయాలి. ఎన్నిసార్లు పేజీ తెరిచినా వేరేదే రాస్తున్నాను.

అక్షయ తృతీయ. హద్దురాయి పాతడానికి మంచిరోజని పంతులు చెప్పాడట. ముందురోజే సాకేత్ రావు సారు మనిషిని పంపాడు. మొదటి గాలిమోటరుకు మీ ఇంటి చేతి బొట్టే, మొదటి రాయికి కూడా మీ ఇంటి చేతి బొట్టే కావాలని. నాకు సంతోషమైంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. గద్వాల చీర కట్టుకున్నాను. అత్త మంగళహారతి పళ్ళెం తోమాను. ఊరంతా చూస్తుండగా రాయికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కాయ కొట్టాను. కాయ సరిగ్గా రెండు చెక్కలైంది. తాత రానన్నాడు. ముసలితనమనుకున్నాను.

నేను పెట్టకపోతే ఇంకెవరో పెట్టేవాళ్ళు.

మధ్యాహ్నమే జేసీబీ దిగింది. నువ్వూ సుస్మితా గోడ దగ్గర నిలబడి ఉన్నారు. నువ్వు నన్ను ఏదో అడిగావు. నేనేదో అన్నాను. చేతిలో పళ్ళెం, చుట్టూ మనుషులు. ఏమన్నానో గుర్తు లేదు.

జూలై 4

గుర్తు లేదు.

జూలై 9

సుస్మిత వచ్చి చెబితే తప్ప బలం ఉండదని వర్షిత అన్నది. మనసు రాయి చేసుకుని సుస్మిత తల్లి ఉమారాణి ఇంటికి పోయాను. ఆమె అరుగు మీద బీడీలు చుడుతున్నది. నన్ను చూసి చాట పక్కకు పెట్టలేదు.

"మా ఇంటి తొవ్వ దొరికిందా అక్కా? యాబై రోజులాయె. నాలుగిండ్ల అవతలనే ఉంటం."

"నా బిడ్డ పోయింది ఉమా."

"నా బిడ్డ ఉండి పోయింది. పోయి సూడు. ఊరంత దీన్నే అనవట్టె, తీస్కపోయి చంపిందని. నువ్వు గూడ గట్లనే సూడవడితివి. బతుకుడే తప్పయిందా దానిది?"

 లోపలికి పోయాను.

గున్నమ్మా, దాన్ని గుర్తుపట్టలేదు. చెంపలు లోపలికి పోయాయి, మెడ ఎముకలు బయటికి వచ్చాయి. పక్కన కంచంలో అన్నం ఎండి ఉన్నది. లేవబోయింది, గోడ పట్టుకుంది.

"24 నాడు వచ్చి చెప్పాలె సుస్మితా."

"చెప్త అత్తమ్మా."

"ఏం చెప్తవు?"

"నేనే తీస్కపోయిన అని చెప్త. అందరికి గదే చెప్పిన, గదే చెప్త. మీరు భయపడకుండ్రి."

ఏదో పని ఉన్నట్టు నేను బయటికి వచ్చేశాను. ఇంటికి వచ్చి బియ్యం కడిగి, నీళ్ళు వంచుతూ ఆ మాట మళ్ళీ విన్నాను. మీరు భయపడకుండ్రి. నాకెందుకు భయం అనుకున్నాను. బియ్యం సగం మోరీలో పోయాయి.

జూలై 10

వాన.

జూలై 13

రాస్తున్నాను. చేయి ఆగినా రాస్తాను.

ఆనాడు గోడ దగ్గర నువ్వు అడిగింది ఇది: "అమ్మా, బొట్టు వెట్టినవు మంచిగనే ఉన్నది. రేపటిసంది మేం యాడ ఉరకాలె?"

నేనన్నది ఇది: "కొత్త రోడ్డు అద్దం లెక్క ఉన్నది కద, అండ్ల ఉరుకుండ్రి. ఈడ మనుషులు సూస్తున్రు, లొల్లి వెట్టకు."

సుస్మిత నీ పక్కనే ఉన్నది. విన్నది. "రోడ్డు మీద బండ్లుంటయి అత్తమ్మా" అని కూడా అన్నది. "పొద్దుగాల ఏం బండ్లుంటయే, నీకు ఉరుకుడు చాతకాక" అని నవ్వాను నేను.

పంతొమ్మిది రోజులు రోడ్డు మీద ఉరికారు. పంతొమ్మిది రోజులు నువ్వు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మే 19 నాడు రొట్టె పెడితే కంచం జరిపి పోయావు. రెండు తిన్నావని రాశాను, ఒక్కటీ తినలేదు. ఆ వ్యానుకు ఒక్కటే లైటు వెలుగుతున్నదట. ఒంటి లైటు చూసి మోటరుసైకిలు అనుకున్నారు మీరు, ఒక అడుగే పక్కకు జరిగారు.

నేనన్న మాటను సుస్మిత పోలీసులకు చెప్పలేదు, వాళ్ళమ్మకు చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు, నేను మరిచిపోయానని అనుకుందేమో. లేకపోతే మరవనిద్దామనుకుందో. బువ్వ మానేసి ఆ మాటను కడుపులో పెట్టుకుని కూర్చున్నది. నేను దాన్ని తిట్టుకుంటూ పేజీలు నింపాను.

జూలై 20

వర్షిత పొద్దున వచ్చింది. దానికి చెప్పాను, 24 నాడు అందరి ముందు చెబుతానన్నాను. పిల్ల ముఖం తెల్లబోయింది. చాలాసేపు చున్నీ కొస మెలిపెట్టింది.

"అత్తమ్మా, గది చెప్తె మన కేసు పోతది. జాగ తవ్విన్రు కాబట్టి మేం రోడ్డెక్కినం, ఇది మన మాట. 'మీ ఇంటోళ్ళే పంపిన్రు, మీరే రాయికి బొట్టు వెట్టిన్రు' అని వాళ్ళంటరు. సుస్మిత ఎట్లాగు ఒప్పుకుంటున్నది. కొన్ని రోజులే. జాగ మిగిలినంక..."

ఆ మాట పూర్తి చేయలేదు. మంచి పిల్ల.

నీకు మాట ఇచ్చాను. పిట్ట ముట్టింది. ఆ మాట నిలబడాలంటే నేను నోరు మూసుకుంటే చాలు, నాలుగు రోజులు. సుస్మిత మోస్తుంది.

తాతను అడిగాను, చచ్చినవాళ్ళకు ఇచ్చిన మాట తప్పితే ఏమవుతుందని.

"కాకికి ఆకలైంది, దిగింది. నీ మాటకే దిగిందని నువ్వనుకున్నవు. నేనేం జెప్పాలె," అన్నాడు. మళ్ళీ అటు తిరిగి, "నేను తాళ్ళు కొట్టిననాడు మీ అత్త మూడు పొద్దులు బువ్వ వెట్టలే నాకు" అన్నాడు.

జూలై 24

పంచాయతీ ముందు టెంటు వేశారు. ఆఫీసరమ్మ వచ్చింది, చిన్న వయసే. ముందు తాతను అడిగింది.

"ఎన్ని సంవత్సరాల నుంచి ఉంది తాతా ఆ జాగ?"

"నా నోట్ల పండ్లున్నప్పటిసంది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "ఊరివాళ్ళు వాడుకోవచ్చని ఏమైనా కాగితం ఉందా?"

"మొరం మోసినోనికి కాగితమెవడిస్తడమ్మ."

ఆ తరువాత నేను రాసుకుపోయిన కథ వర్షిత చదివింది. దోమపోటు, రోలరు, పసుపు, స్కూటీలు, ఎనిమిది వందల మీటర్లు. చదువుతుంటే మనుషులు ఒకరికొకరు గుర్తుచేసుకోవడం మొదలుపెట్టారు. మా పసుపు ఇక్కడ, మీ పసుపు అక్కడ అని. కొద్దిసేపు ఆ జాగ మొత్తం టెంటు కిందికి వచ్చినట్టయింది.

సాకేత్ రావు సారు లేచాడు. "మేడం, అది మా పట్టా భూమి. పాపం ఆ అమ్మాయి విషయంల మాకు కూడ బాధున్నది. కని వాళ్ళంతట వాళ్ళే రోడ్డెక్కిన్రు. ఫ్రెండ్ తీస్కపోయిందని ఊరంత చెప్తున్నది."

తలలన్నీ సుస్మిత వైపు తిరిగాయి. అది లేచింది.  "అవును మేడం, నేనే..." అన్నది.

నేను లేచాను. వర్షిత నా కొంగు పట్టుకుంది. విడిపించుకున్నాను.

"అది అబద్ధం చెప్తున్నది మేడం. రోడ్డు మీద ఉరుకుమన్నది నేను. కన్నతల్లిని. గీ పిల్ల వద్దనే అన్నది, నేనే ఇనలే. రాయికి బొట్టు వెట్టింది నేనే. నలుగురిల నన్ను పిలిసిన్రని పొంగిపోయిన. గంతే జరిగింది. దీన్ని ఎవలు ఏమన్నా ఇగ నన్ను అనుండ్రి."

 బాపు నా వైపు చూశాడు. ఆయనకు కూడా అప్పుడే తెలిసింది. తువ్వాల భుజం మీద వేసుకుని లేచి బయటికి నడిచాడు.

ఆఫీసరమ్మ కలం పట్టుకుని ఆగింది. "ఇది రాయమంటారా అమ్మా? మీ దరఖాస్తుకు మంచిది కాదు."

"రాయుండ్రి."

రాసింది. నా చేత సంతకం పెట్టించుకుంది. భూదేవి అని ఐదో తరగతి రాతలో పెట్టాను.

ఉమారాణి వచ్చి నా పక్కన కూర్చుంది. 

జూలై 27

మూడు రోజులు బాపు మాట్లాడలేదు. పొద్దున బాయి కాడికి పోతూ గడపలో ఆగాడు, చెప్పులు వేసుకుంటూ వాటితో మాట్లాడినట్టు అన్నాడు: "నన్నడిగినా నేను గదే చెప్పుదును. రోడ్డున్నది కద అందును."

పోయాడు. నేను చాలాసేపు ఏడ్చాను, గున్నమ్మా. నిన్ను తీసుకువచ్చిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఆగస్టు 2

సుస్మిత వచ్చింది. గడప అవతలే నిలబడింది. లోపలికి రమ్మన్నాను. నీ మంచం మీద కాదు, కింద కూర్చుంది. అన్నం పెడితే నాలుగు ముద్దలు తిన్నది. ఇద్దరం నీ గురించి మాట్లాడలేదు. పోయేటప్పుడు నీ దుప్పటి ముక్కుకు పెట్టుకుని వాసన చూసింది, నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆగస్టు 19

ప్లాన్ పాసైంది. పార్కు ఒర్రెలోనే.

మిగిలిన డాంబర్ లేపడానికి ఒక్క పొద్దు పట్టింది. తాత చూస్తానంటే బాపు బండి మీద తీసుకుపోయాడు. మేము తుమ్మల దగ్గర నిలబడ్డాం. డాంబర్ పెంకులు లేచినట్టు లేచింది, కింద ఎర్రమొరం బయటపడింది. తాత వంగి గుప్పెడు తీసి చూశాడు. "తడి గూడ పట్టలే. గంత గట్టిగ కొట్టినం" అన్నాడు. గర్వంగానే అన్నాడు.

ఇప్పుడు ఆ చోట ఏది ఎక్కడున్నదో చెప్పలేం. మీరు మొదలుపెట్టే గీత ఎక్కడ, పసుపు ఎక్కడ, నువ్వు మొదటి అడుగు వేసింది ఎక్కడ. అన్నీ ఒక్కటే మట్టి.

సాయంత్రం వాగు దగ్గరికి పోయాను. మాట నిలబెట్టలేదు బిడ్డా అని చెప్పాను. ఇంకో మాట ఇవ్వలేదు. ఇవ్వడానికి నా దగ్గర ఏం లేదు.

సెప్టెంబర్ 21

పెత్రమాస, పెద్దల అమావాస్య. పెద్దల పేర్ల మీద బియ్యం ఇచ్చేటప్పుడు పంతులు పేర్లు అడిగాడు. బాపు వాళ్ళ తాత పేరు చెప్పాడు, అమ్మ శంకరవ్వ పేరు చెప్పాడు. తరువాత ఆగిపోయాడు. పెద్దలలో నీ పేరు ఎలా చెప్పాలి. నేను చెప్పాను. నవ్య అన్నాను. ఇరవై ఒక్క ఏళ్ళు అన్నాను. పంతులు వయసు అడగలేదు.

నీ బామ్ సీసాలో అడుగున కొంచెం ఉన్నది. మూత తీసి చూసి మళ్ళీ పెట్టాను.

అక్టోబర్ 6

సుస్మితా,

ఈ పేజీ నీకు. పొద్దున పది గంటల బస్సుకు సిరిసిల్ల పోతున్నావని మీ అమ్మ చెప్పింది. తంగళ్ళపల్లిలో మీ మేనమామ ఇంట్లో ఉండి, ఊళ్ళోని కాలేజీ గ్రౌండులో ఉరుకుతావట. కోరుట్ల గ్రౌండు దగ్గరే కదా అంటే, అక్కడికి పోవాలంటే ఆ రోడ్డు మీదనే పోవాలి అన్నావట. నాకు అర్థమైంది. పోలీసు నోటిఫికేషన్ ఎప్పుడు పడినా పడనీ, నువ్వు మళ్ళీ బూట్లు కట్టుకున్నావు, అది చాలు.

ఈ పుస్తకం నీ సంచిలో పెడుతున్నాను. మొదటి పదకొండు పేజీలు నవ్యవి. తరువాతివన్నీ నావి. నీ మీద రాసిన మాటలు కొట్టేయలేదు. కొట్టేస్తే మళ్ళీ అబద్ధమే అవుతుంది. కోపం వస్తే రానీ. జూలై 13 నాటిది మాత్రం రెండుసార్లు చదువు. ఎక్కడైనా, ఎవరైనా, నీ మనసైనా నిన్ను అడిగితే ఆ పేజీ తెరిచి చూపించు. కింద నా పేరు రాశాను.

నవ్య ఉంటే ఎంత బాగుండేదని నీకు రోజూ అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. అది తక్కువవుతుందని నేను అనుకోవడం లేదు. దాంతోనే ఉరుకు.

మీ మేనమామ ఇంట్లో సిగ్గుపడి సగం కంచంతో లేవకు. పొద్దున ఉరికి వచ్చినాక రెండు రొట్టెలు, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం. వేడి వేడిగా, కడుపునిండా తిను బిడ్డా.